గేర్‌బాక్సులు మింగే ముసలమ్మ

పొద్దుగూకాక ముసలమ్మ మలుపు దాటాలంటే థాయ్‌లాండ్‌లో మా లంపాంగ్ వైపు డ్రైవర్లకి నోట్లో తడారిపోతుంది. ఎప్పుడో లారీ కింద పడి పోయిన ముసలావిడ అక్కడే తిరుగుతోందని, తనకి దండం పెట్టని బండిని కదలనివ్వదని చెప్పుకుంటారు. అందుకే ఆ మలుపులో చిన్న గుడి, దాని ముందు మొక్కుగా పెట్టిన చారల గుర్రం బొమ్మలు, స్ట్రా వేసిన ఎర్ర సోడా సీసాలు. అక్కడికి రాగానే హారన్ కొట్టాలి. బండిలో అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడించాలి. నడిపేవాడికి మాత్రం కళ్ళ విషయంలో మినహాయింపు ఉంది, అదొక్కటే మావాళ్ళకున్న తెలివి.

మా పక్కింటి బున్‌లూకి భక్తి మరీ ఎక్కువ. భక్తి అని వాడంటాడు, పిరికితనం అని నేనంటాను. వాడి ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సు ఆ మలుపు దాటగానే పోయింది. కొత్తది వేయించాడు — మళ్ళీ అక్కడే పోయింది. మూడోదీ అక్కడే. ప్రతిసారీ ముందు గుర్రుమని ఓ చప్పుడు... వెంటనే దబ్బున కుదుపు... బండి నిలబడిపోతుంది.

మొదటి మెకానిక్కు ఆయిల్ మంచిది కాదన్నాడు. రెండోవాడు కారు కొన్న రోజు మంచిది కాదన్నాడు. మూడో మహానుభావుడు గుడి ముందు పంది తలకాయ పెట్టించి, అందులో సగం ఇంటికి పట్టుకుపోయాడు. నాలుగో గేర్‌బాక్సు వేయించాక బున్‌లూ ఆ దారే మానేశాడు.

మానేస్తే కూతురి నొప్పులు ఆగుతాయా?

ఓ సాయంత్రం కూతురు చిందాకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషను చెయ్యకపోతే ఇద్దరూ దక్కరు అంది మా ఊరి నర్సు. ఆసుపత్రి కొండకి అవతల. ఒకటే వాన. అంబులెన్సు ఎక్కడో ఇరుక్కుపోయింది. దిక్కు ఆ కారొక్కటే. ఆ తర్వాత జరిగింది బున్‌లూ పెళ్ళాం విలాయ్, చిందా నాకు ఎలా చెప్పారో అలాగే చెబుతున్నాను.

మలుపు దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది...

"దండం పెట్టవే," హారన్ కొట్టి గుసగుసలాడాడు బున్‌లూ.

విలాయ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "తల్లీ, నా బిడ్డని పోనివ్వు... ఇంకేమీ అడగను..."

గుర్రుమంది.

"వచ్చింది... ఏమయ్యా, వచ్చేసింది..."

వెనక సీట్లో చిందా మాత్రం కళ్ళు మూసుకోలేదు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి దండాలెక్కడివి? తండ్రి చేతినే చూస్తోంది. ముసలమ్మ ముందు ఇంజను రొద చేస్తే అపచారమని, వాడు మలుపు దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వేశాడు. చేతులు జోడించాడు. గుడి దాటగానే భయం తన్నుకొచ్చి యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. ఆ గుర్రు ఇంజనుది. అది అలా అరుస్తుండగానే చెయ్యి మళ్ళీ గేరు మీదికి పోతోంది...

"నాన్నా!" చిందా ముందుకి వంగి ఆ చెయ్యి లాగేసింది. "కాలు తియ్యి! ముందు కాలు తియ్యి!"

"వదలవే, ఆవిడ వెనకే —"

"దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఇంజను ఇలా అరుస్తుండగా గేరేసి గేర్‌బాక్సుని నువ్వే విరగ్గొడుతున్నావు! కాలు తీశావా... ఇప్పుడెయ్యి గేరు. మెల్లగా..."

గుర్రు ఆగింది. కుదుపు లేదు. కారు బుద్ధిగా కదిలిపోయింది. తెల్లారేలోపు మనవడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం.

"ఇన్నాళ్ళూ దెయ్యం స్టీరింగు పట్టుకుని నా పక్కనే కూర్చుంటే, నేను గుడికి దండాలు పెట్టానక్కా," అంది విలాయ్.

ఇక బున్‌లూకి సిగ్గొచ్చిందనుకుంటున్నారా? "మూడు మింగాక ఆవిడ కడుపు నిండింది, అందుకే వదిలింది" అని, పాడైన గేర్‌బాక్సు ఒకటి మోసుకెళ్ళి గుర్రాల మధ్య పెట్టి, బంతిపూల దండ వేసొచ్చాడు. రోజూ కాఫీ కొట్టు దగ్గర కూర్చుని, ఆవిడ ముందు న్యూట్రల్‌లో వేసి ఇంజను ఎలా అణిచి పోవాలో వచ్చేపోయే డ్రైవర్లకి దగ్గరుండి నేర్పుతున్నాడు. నేను చెప్పి చూశాను, చిందా చెప్పి చూసింది. వింటేగా!

పోయిన వారం మలుపు దాటగానే మరో రెండు బళ్ళు ఆగిపోయాయి... ముసలమ్మకి మళ్ళీ ఆకలేస్తోందట.