హీరోయిన్ వరస మారింది

సుప్రియ స్కూటీ దిగగానే అరటి గెలలు దింపుతున్న మనుషులు కూడా ఒక్క క్షణం ఆగి చూశారు. లేత పసుపు చుడీదారు, వానకు తడిసి చెంపకు అంటుకున్న జుట్టు, ముఖం నిండా నవ్వు.

"హీరోయిన్‌ని నేనేనండీ! రైటర్ గారెవరు?"

దొరబాబు వేలు చూపించాడు. గెలల చాటున నిలబడ్డ రామతులసి ఇంకొంచెం చాటుకు జరిగింది. సుప్రియ వదల్లేదు. దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగా రాశారండీ డైలాగు! రాజమండ్రి నుంచి దారంతా చెప్పుకుంటూనే వచ్చాను."

మంచి పిల్ల. అదే తులసికి కష్టంగా తోచింది. చెడ్డదైతే హాయిగా మనసులో తిట్టుకోవచ్చు.

రాజమండ్రిలో కుర్రవాళ్లకు షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టారు. సినిమా ఐదు నిమిషాలు మించకూడదు. ఆదివారం సాయంత్రంలోగా పంపాలి. రావులపాలెంలో డిగ్రీ చదువుతున్న ముగ్గురు ఆ పనికి దిగారు. గణేష్‌బాబు దర్శకుడు, హీరో కూడా అతనే. దొరబాబు వాళ్ల అన్నయ్య ఫోను అడిగి తెచ్చి కెమెరామన్ అయ్యాడు. కథ రామతులసిది. షూటింగ్ గణేష్ వాళ్ల నాన్నగారి అరటి యార్డులోనే.

హీరోయిన్‌గా ముందు అనుకున్నది తులసి స్నేహితురాలు దుర్గాశ్రీని. దుర్గాశ్రీ గణేష్‌ని చూసి ఆవలిస్తుంది తప్ప సిగ్గుపడదు. అందుకే తులసి ధైర్యంగా ప్రేమకథ రాసింది. తీరా చూస్తే దుర్గాశ్రీకి టైఫాయిడ్ వచ్చింది. గణేష్ వాళ్ల అక్క తన కాలేజీ నుంచి సుప్రియను పంపింది.

కథ చిన్నదే. వానలో ఒక అమ్మాయి యార్డు చూరు కింద నిలబడుతుంది. అబ్బాయి ఆమెతో, "వాన తగ్గాక వెళ్దువుగాని. తగ్గకపోతే మరీ మంచిది," అంటాడు.

కిందటేడు నిజంగానే ఆ చూరు కింద తులసి నిలబడింది. గణేష్ ఆమెను చూసి, "గొడుగు తెచ్చుకోవచ్చుగా?" అని లోపలికి పోయాడు. అతను ఏమంటే బాగుండేదో ఆమె ఏడాది పాటు ఆలోచించింది. ఆ మాటే డైలాగు అయింది. ఇప్పుడు గణేష్ దాన్ని సుప్రియ కళ్లలోకి చూస్తూ చెబుతున్నాడు.

"వాన తగ్గాక వెళ్దువుగాని..."

"కొంచెం మెల్లగా చెప్పండి గణేష్ గారూ. ఇంకా దగ్గరకు రండి," అంది సుప్రియ.

"మళ్లీ తీద్దాం," అన్నాడు గణేష్.

ఎన్నిసార్లు మళ్లీ! తులసికి చెవులు వేడెక్కాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి కథ ముందేసుకుని కూర్చుంది.

మర్నాడు కొత్త కాగితాలు చదివి దొరబాబు బుర్ర గోక్కున్నాడు. "హీరోకి జలుబేంటి తులసీ?"

"వానాకాలం కదా."

"తుమ్ముతూ ఐ లవ్ యూ చెబుతాడా?"

"జలుబు ఉంటే దగ్గరగా నిలబడకూడదు. నాలుగడుగుల దూరం ఉండాలి. రాశాను చూడు."

గణేష్ బుద్ధిగా తుమ్మాడు. సుప్రియ పడిపడి నవ్వి, తన చేతిరుమాలు తీసి అతనికిచ్చింది. అతను దాంతో ముక్కు తుడుచుకున్నాడు. తులసి రాసిన దాంట్లో ఆ రుమాలు లేదు.

ఆ మరుసటి రోజు తులసి చూరు కిందకు ఒక చిన్న మేకను తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టింది. సుప్రియ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. గణేష్ దానికి అరటి ఆకు తినిపించాడు. మేక అటూ ఇటూ తల తిప్పుతుంటే ఇద్దరి తలలూ ఒకచోటికి చేరాయి.

"సూపర్ షాట్!" అని అరిచాడు దొరబాబు.

తులసికి ఏడుపొచ్చినంత పనయింది.

శనివారం ఆఖరి షూటింగ్. గణేష్ కాగితం చదివాడు. ఇంకోసారి చదివాడు.

"తులసీ, ఈ అమ్మాయి హీరోకి ఏమవుతుందన్నావు?"

"చిన్నాన్న కూతురు."

"అంటే చెల్లెలా?"

"చిన్నాన్న కూతురు చెల్లెలే అవుతుంది."

"అయితే ఇన్నాళ్లూ నేను చెల్లెలికి లైనేస్తున్నానా?"

దొరబాబు ఫోను పక్కన పెట్టి కూర్చుని మరీ నవ్వాడు. సుప్రియ కూడా నవ్వింది. "ఇంకొక్క రోజు ఉంటే నన్ను ఈయనకి నానమ్మని చేసేస్తారండీ!"

గణేష్ మాత్రం నవ్వలేదు. తులసిని పక్కకు పిలిచాడు.

"రేపు పంపాలి. ఇది నా మొదటి సినిమా. నీకు కథ నచ్చకపోతే చెప్పు, మానేద్దాం. ఇలా రోజుకో ముక్క కొయ్యకు."

"నచ్చకపోవడం కాదు."

"మరేంటి?"

చెప్పడానికి ఒక్క మాటే ఉంది. అది తప్ప ఇంకోటి చెప్పింది. "చెల్లెలైతేనే బాగుంటుంది," అంది తులసి తల దించుకుని.

గణేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "సుప్రియా, మనం అన్నాచెల్లెళ్లం. అన్నయ్యా అని పిలు. ఆ డైలాగు తీసేస్తున్నాం," అన్నాడు.

"ఆయ్, రైటర్ గారు చెప్పాక ఇంకేముంది!" అన్నాడు దొరబాబు.

సుప్రియ "అన్నయ్యా" అని చక్కగా పిలిచింది. ఆ పిలుపు విని తులసికి హాయిగా ఉండాలి. కానీ గణేష్ ఆ రోజంతా తనతో మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు సుప్రియ అతని చెవిలో ఏదో చెప్పి వెళ్లింది. అతను తులసి వైపు చూసి గబుక్కున ముఖం తిప్పుకున్నాడు. ఇంకేముంది, తెలిసిపోయి ఉంటుంది. అసహ్యించుకుంటున్నాడు కాబోలు.

తర్వాతి ఆదివారం రాజమండ్రిలో ఒక కల్యాణమండపంలో తెర కట్టి సినిమాలన్నీ వేశారు. జలుబు అన్నయ్య, మేక, చెల్లెలు తెర మీద కనబడగానే జనం విరగబడి నవ్వారు. తులసికి నవ్వు రాలేదు. ముందు వరసలో గణేష్ పక్కన వాళ్ల అమ్మ మాణిక్యాంబ, ఆమె పక్కన సుప్రియ కూర్చున్నారు. మాణిక్యాంబ సుప్రియ జడ సవరిస్తూ ఏదో అడుగుతోంది. అంటే ఇంట్లో కూడా పరిచయం చేశాడన్నమాట! కథలో చెల్లెల్ని చేస్తే బయట ఎవరు ఆగుతారు?

మొదటి బహుమతి కాకినాడ వాళ్లకు వెళ్లింది. వీళ్లకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. చప్పట్ల మధ్య తులసి మెల్లగా బయటకు వచ్చి మెట్ల మీద నిలబడింది. సన్నగా జల్లు పడుతోంది. వెనకే గణేష్ వచ్చాడు.

"బహుమతి తీసుకోకుండా వచ్చేశావేంటి? సగం నీదే కదా."

"సుప్రియకి ఇవ్వు."

"సుప్రియకెందుకు? తనకి వచ్చే నెల నిశ్చితార్థం. తునిలో వాళ్ల బావతో. అందుకే అమ్మ ఆ పిల్లని చీరల గురించి అడుగుతోంది." అతను మెడ రుద్దుకున్నాడు. "ఆ రోజు నా చెవిలో ఏం చెప్పిందో తెలుసా? 'మీ రైటర్ నన్ను చెల్లెల్ని ఎందుకు చేసిందో ఇంకా అర్థం కాలేదా మొద్దు గారూ' అంది."

తులసి మెట్లు చూస్తూ నిలబడింది. ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మరి మాట్లాడటం ఎందుకు మానేశావు?"

"భయమేసింది తులసీ. నువ్వు కథలో ఒక్క గీతతో చెల్లెల్ని చేసేశావు కదా. మనిద్దరికీ కూడా ఏమైనా అలాంటి చుట్టరికం ఉందేమోనని ఇంటికెళ్లి అడిగాను. నాన్న లెక్క కట్టారు. మీ నాన్నగారు నాన్నకి తమ్ముడి వరస అవుతారట."

"అంటే?"

"నువ్వు నాకు చెల్లెలివి. ఆ పూట అన్నం తినలేదు నేను."

తులసి చప్పున తలెత్తి చూసింది.

"అన్నం వదిలేశానని అమ్మ కంగారుపడి విషయం లాగింది. తన వైపు నుంచి లెక్క మొదలెట్టింది. ఆత్రేయపురం వెళ్లింది, అక్కడి నుంచి మండపేట వెళ్లింది, ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి అమ్మ వైపు నుంచి మీ నాన్నగారు అమ్మకే తమ్ముడి వరస అని తేల్చింది. అప్పుడు నువ్వు నాకు..." అతను ఆగిపోయాడు. మిగతా మాట అనడానికి ధైర్యం చాలలేదు. "రెండు లెక్కలూ నిజమేనట. ఏది ఉంచాలో నువ్వే చెప్పు. రాసేది నువ్వే కదా."

లోపలి నుంచి మాణిక్యాంబ కొంగు తల మీద కప్పుకుంటూ వచ్చింది. ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"తేలిందేంట్రా?"

"ఇంకా లేదమ్మా."

"ఏమ్మాయ్, మీ నాన్న వరస తెలియక ఇన్నాళ్లూ నన్ను ఆంటీ అన్నావు, సరే. ఇప్పుడు తెలిసిందిగా. మా ఆయన లెక్కలో నేను నీకు పెద్దమ్మని. నా లెక్కలో మేనత్తని. నీకెలా తోస్తే అలా పిలు. నేనేమీ అనుకోను."

అలా అంది గానీ, ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. గణేష్ వాన వైపు చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. ఈ చెవుల కోసమా తను మేకను కూడా తెచ్చింది అనుకుని తులసి మొదటిసారి నవ్వుకుంది.

చున్నీ సవరించుకుని మాణిక్యాంబ చెయ్యి పట్టుకుంది.

"మెట్లు జారుతున్నాయి. మెల్లగా దిగండి అత్తయ్యా," అంది.