మిగిలిన సెకన్లు

మొదట్లో నా దగ్గర ఉన్నది ఎనిమిది వందల యాభై దీనార్లు. ఈ ఎడారి దేశానికొచ్చి, దజీజ్‌లో కార్గో గోడౌన్ పని చేసి మూడేళ్ళలో కూడబెట్టాను. దాంతో పాత పారామోటార్ కొన్నాను. వీపుకు తగిలించుకునే ఇంజన్, దాని వెనక ఫ్యాను, తలపైన పెద్ద గుడ్డరెక్క. చలికాలంలో ఎడారి గుడారాలను పైనుంచి వీడియో తీసి అమ్మాలని నా ఆలోచన. బొమ్మ వణక్కుండా రావాలంటే గాల్లో ఇంజన్ ఆపి, మళ్ళీ అక్కడే స్టార్ట్ చేయడం రావాలి.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, మూడు వందల మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆపాను.

ఎంత నిశ్శబ్దమో. రెక్క తాళ్ళు సన్నగా ఈలవేస్తున్నాయి. పెట్రోలు వాసన మెల్లగా పోయి దుమ్ము వాసన వచ్చింది. కింద పికప్ పక్కన సూరిబాబు అగ్గిపుల్లంత ఉన్నాడు. అమలాపురం మనిషి, మా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.

హెల్మెట్ రేడియోలో అతని గొంతు వచ్చింది. "తమ్ముడూ, గాలి పెరిగింది. తీగల వైపు పోతున్నావు. యల్లా, స్టార్ట్ చెయ్."

వెనక్కి చూశాను. హైటెన్షన్ తీగలు. ఇంజన్ ఉంటే వాటి పైనుంచి దాటొచ్చు. లేకుంటే వాటి మీదే పడతాను.

బటన్ నొక్కాను. ఇంజన్ ఒకసారి మూలిగింది. రెండోసారి టిక్ మంది, అంతే. మేం కార్గో వాళ్ళం, అరకిలో కూడా వదలం. బరువు తగ్గుతుందని ముందురోజే పెద్ద బ్యాటరీ తీసేసి చిన్నది పెట్టాను.

"బ్యాటరీ సచ్చిపాయన్నా."

"నీ పిసినారితనం తగలెయ్య. తాడు లాగు."

చేత్తో స్టార్ట్ చేసే తాడు పిడి భుజం వెనక ఉంటుంది. నేలమీదైతే బారెడు లాగొచ్చు. కట్లలో కూర్చుంటే సగమే వస్తుంది. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను.

భయం వేయాల్సింది. వేయలేదు. లెక్క వేశాను. తీగల ఎత్తుకు దిగడానికి ఇంకా నూట ఇరవై సెకన్లు.

"తప్పు. నూట పదకొండు."

ఎడమ చెవి వెనక నుంచి. గుసగుసగా.

మణికట్టు మీటరులో ఎత్తు చూశాను. రెండు వందల పదకొండు మీటర్లు. తీగల ఎత్తు నలభై ఐదు తీసేసి, సెకనుకు మీటరున్నర చొప్పున భాగించాను... నూట పదకొండే.

"అన్నా, లెక్కబెడతా ఉండేది నువ్వేనా?"

"నేనేం లెక్కెట్టలేదు. తాడు లాగరా బాబూ."

"నూట రెండు... నూట ఒకటి..."

చెవి దగ్గర ఊపిరి లేదు. మాట మాత్రమే ఉంది. లాగడం మానేసి రెండు చేతులతో తలపైన ఉన్న బ్రేకు పిడులు పట్టుకున్నాను. తీగల గుయ్‌మనే చప్పుడు వినిపిస్తోంది.

"ముప్పై ఒకటి... ముప్పై."

భుజం వెనక తాడు సర్రున సాగింది. నిండా బారెడు.

ఇంజన్ అందుకుంది.

తీగలు నా బూట్ల కింద నుంచి వెళ్ళిపోయాయి. అవతలి చదునులో దిగి ఇంజన్ ఆపి, కట్లు విప్పుకున్నాను. సూరిబాబు పికప్‌లో చుట్టుతిరిగి వచ్చాడు. మెడలో దుర్బీను. పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"తాడు ఎలా లాగావురా?"

"యాలన్నా, ఏమాయ?"

"నీ చేతులు రెండూ పైనే ఉన్నాయి. నేను చూత్తానే ఉన్నాను."

తాడు పిడి వైపు చూశాను. ఇంజన్ చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది.

"సరే, ఖలాస్, వదిలెయ్. బండెక్కు. రోడ్డు ఖాళీగా ఉంది, ఇరవై నిమిషాల్లో మహబూలా, మన రూము."

ఇద్దరం పారామోటార్‌ను ఎత్తి బండి వెనక పెట్టాం. అప్పుడు వినిపించింది. వీపున ఏమీ లేదు. హెల్మెట్ చేతిలో ఉంది. అయినా ఎడమ చెవి వెనకే.

"పదకొండు వందల నలభై... పదకొండు వందల ముప్పై తొమ్మిది..."

అరవైతో భాగించాను. పంతొమ్మిది నిమిషాలు. మహబూలాకు ఇరవై.

సూరిబాబు బండి స్టార్ట్ చేసి, నావైపు తలుపు లోపలినుంచి నెట్టాడు. నేను ఒక చెయ్యి తలుపు మీద వేసి, కుడికాలు ఎత్తాను.