మాత్రలమ్మ ఇచ్చిన కొట్టు

పొద్దున్నే ఇల్లు ఎప్పటిలాగే గోలగోలగా ఉంది. కొడుకు స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం కేకలు పెడుతున్నాడు. కోడలు ఒక చేత్తో టీ వడకడుతూ, తువ్వాలు తలుపు వెనకే ఉందని రెండోసారి అరిచి చెబుతోంది. ఇంటి పెద్దావిడ మాత్రం కిటికీ పక్కన కూర్చుని, చొక్కాకి కుట్టిన గుండీనే విప్పి మళ్లీ కుడుతోంది. అలా విప్పడం అది మూడోసారి.

వీధిలో అందరూ ఆవిడను మాత్రలమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. డాక్టరు ఏడు రోజులు వాడమన్న మందును నాలుగో రోజుకే తగ్గిపోయిందని ఆపేసి, మిగిలిన మాత్రలు బిస్కెట్ల డబ్బాలో దాచడం ఆవిడ అలవాటు. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఆ డబ్బాలోంచి ఒకటో రెండో తీసి ఇచ్చేది. ఇరుగుపొరుగు వచ్చి అడిగితే లేదనేది కాదు. మా ఆవిడ ఏదీ వృథా పోనివ్వదని భర్త నలుగురిలో మెచ్చుకుంటే, ఆవిడ మురిసి ముక్కలయ్యేది.

ఎనిమిది నెలల కిందట ఆ భర్తే, వీధి మొగలో కొట్టున్న దర్జీగారే, బట్ట కత్తిరిస్తూ బొటనవేలు కోసుకున్నారు. పిసరంత గాయం అంత మనిషినీ తీసుకుపోయింది. ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు మందు మీద మందు మార్చారు. దేనికీ ఆ క్రిమి లొంగలేదు. తర్వాత ఆ క్రిమిని పరీక్షించుకోవడానికి అనుమతి అడుగుతూ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధకురాలు ఇంటికి వచ్చింది. మందులకు లొంగని క్రిములు ఎలా తయారవుతాయని మాత్రలమ్మ అడిగితే, ఆ అమ్మాయి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. సగంలో ఆపేసిన మందులు, దాచుకున్నవి, ఒకరివి ఒకరికి ఇచ్చినవి. వింటూ ఉంటే మాత్రలమ్మ చూపు బిస్కెట్ల డబ్బా మీదకు పోయింది. ఆయన్ని నా చేతులతో నేనే చంపుకున్నాను అన్న మాటను ఆ రోజు నుంచీ కడుపులో దాచుకుని తిరుగుతోంది. ఈ మాట తెలిస్తే కొడుకు మళ్లీ తనను అమ్మా అని పిలుస్తాడా అన్నదే ఆవిడ భయం.

కొడుకు వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఇక చెప్పక తప్పదు.

“పదకొండింటికి యూనివర్సిటీ అమ్మాయి వస్తుందిరా. నాన్న కొట్టు వాళ్లకి ఇచ్చేస్తున్నాను. నువ్వు కూడా సంతకం పెట్టాలి.”

కొడుకు చేతిలో టీ ఒలికింది. “ఇచ్చేయడమేంటి? అద్దెకా?”

“ఊరికే. వాళ్ల పరిశోధనకి.”

“అమ్మా, నీకేమైనా మతిపోయిందా? పన్నెండేళ్లుగా ఫ్యాక్టరీలో ఎవరో గీసిన గీతల మీద బట్ట కోస్తున్నాను. ఎప్పటికైనా నాన్న కొట్లో కూర్చుందామనేగా! ప్రతి ఆదివారం వెళ్లి ఆయన మిషన్‌కి నూనె వేసి వస్తున్నది నీకు తెలీదా?”

“తెలుసురా.”

“తెలిసీ ఒక్క మాట అడగలేదా నన్ను?”

“కొంచెం మెల్లిగా అండీ,” అంది కోడలు, ఒలికిన టీ తుడుస్తూ. “పక్కింటావిడ ఇప్పటికే టీవీ కట్టేసి వింటోంది.”

ఇంకో రోజైతే ఆ మాటకు ముగ్గురూ నవ్వేవాళ్లు. కొడుకు మొహం గంటు పెట్టుకుని లేచాడు. కానీ పనికి మాత్రం వెళ్లలేదు. పదకొండు దాకా హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉన్నాడు.

పరిశోధకురాలు భుజానికి సంచితో, చంకలో ఫైలుతో వచ్చింది. గుమ్మంలోనే ఆ ఇంటి వేడి ఆమెకు తగిలినట్టుంది. కుర్చీ చూపించినా అంచు మీదే కూర్చుంది.

“మా నాన్నని మీ చదువులు కాపాడలేదు,” అన్నాడు కొడుకు, మంచినీళ్లైనా తాగనివ్వకుండా. “ఇప్పుడు ఆయన కొట్టు కావాల్సి వచ్చిందా?”

“కాపాడలేకపోయామండీ. నిజమే,” అందామె తలవంచుకుని. ఫైలు తెరిచి మళ్లీ అంది. “మా దగ్గర ఉన్నదంతా ఎవరో ఒకరు ఇచ్చిందే. పరీక్షలు చేసే యంత్రం ఒక సంగీతం టీచర్ కొనిచ్చారు. నా జీతం బిడ్డను పోగొట్టుకున్న భార్యాభర్తలు ఇస్తున్నారు, వాళ్లని నేనెప్పుడూ చూడను కూడా లేదు. తొమ్మిది దేశాల్లో ఇదే పని జరుగుతోంది, అక్కడ తెలిసింది ఇక్కడికీ, ఇక్కడిది అక్కడికీ పంపుకుంటాం. కానీ ఇళ్లల్లో మందులు నిజంగా ఎలా వాడుతున్నారో మాకు తెలియాలి. యూనివర్సిటీకి రమ్మంటే ఎవరూ రారు. రోజూ వెళ్లే దర్జీ కొట్టైతే వస్తారని అమ్మగారే అన్నారు.” ఫైలు మూసేసింది. “మీ అందరికీ ఇష్టమైతేనే. లేకపోతే నేను వెళ్తాను, మరేం అనుకోను.”

ఆమె లేచి నిలబడింది. అది చూసి మాత్రలమ్మ ఇక ఆగలేకపోయింది.

“కూర్చో తల్లీ. ఒరేయ్, నీకో మాట చెప్పాలి. మీ నాన్నని నేనే చంపానురా.”

కోడలు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నలభై ఏళ్లు ఆ డబ్బాలోవి ఆయన చేత మింగించాను. తగ్గిందనగానే ఆపించాను. వేలు కోసుకున్న రోజు కూడా అందులోంచే రెండు తీసిచ్చా. పొదుపనుకున్నాన్రా నాయనా, ప్రేమనుకున్నాను. ఆ కొట్టు తాళంచెవి ముట్టుకోలేకపోతున్నాను. ఇంకో ఇల్లాలు నాలా చేయకూడదు, అంతే. నన్ను తిట్టు, కొట్టు. ఈ పని మాత్రం ఆపకు.”

ఆవిడ కళ్లు మూసుకుంది. ఏ మాట వచ్చి పడుతుందోనని కాచుకుని ఉంది. కళ్లు తెరిచి చూస్తే కొడుకు తన కాళ్ల దగ్గర నేల మీద కూలబడి ఉన్నాడు.

“నువ్వు కాదమ్మా,” అన్నాడు. “నేను. మూడో రోజు నాన్న చెయ్యి వాస్తే, డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లకుండా మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చాను. నీకు చెప్పొద్దన్నాను. రెండు రోజులకి వాపు తీసింది. కడుపులో మంటగా ఉందిరా అన్నాడు నాన్న. చూడలేక, ఇక చాల్లే ఆపెయ్ నాన్నా అన్నాను. నేనే అన్నానమ్మా ఆ మాట.”

“ఒరేయ్...”

“మిషన్‌కి నూనె వేయడానికి కాదు వెళ్లేది. తలుపు వేసుకుని ఆయన కుర్చీ ముందు కూర్చునేవాణ్ణి. కొట్టు వీళ్లకిస్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, అంతా బయటపడుతుంది. నువ్వు నా మొహం చూడవని భయపడ్డాను.”

మాత్రలమ్మ కొడుకు తల ఒళ్లోకి లాక్కుంది. నలభై దగ్గరపడ్డ మనిషి, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒకే ఇంట్లో, పక్క పక్క గదుల్లో, ఎనిమిది నెలలు ఇద్దరూ ఒకే బరువును ఒకరికి తెలియకుండా ఒకరు మోశారని తలుచుకుంటే ఆవిడకు కొడుకు మీద జాలి, తన మీద కూడా మొదటిసారి కాస్త జాలి కలిగాయి.

“మేడమ్,” అంది కోడలు, ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూ. “వీళ్లిద్దర్లో ఎవరిదో మీరైనా చెప్పండి. లేకపోతే తప్పు నాదంటే నాదని రేపట్నుంచి వంతులేసుకుంటారు.”

పరిశోధకురాలు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. “మీ తప్పేం లేదని అబద్ధం చెప్పను. మీ వల్లే అని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ క్రిమి ఆసుపత్రిలో పట్టుకుందో, ఇంట్లోనో, ఇంకెక్కడ మొండికెత్తి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం తెలుసు. నూట నలభై ఇళ్లు తిరిగాను. మందు మధ్యలో ఆపామని ఒక్కరూ ఒప్పుకోలేదు. అందరూ డాక్టర్ చెప్పినట్టే వాడామన్నారు. ఇవాళ ఈ ఇంట్లోనే మొదటిసారి నిజం విన్నాను.”

కొడుకు లేచి మొహం కడుక్కుని వచ్చాడు. కాగితాలు అడిగి తీసుకుని, నిలబడే సంతకం చేశాడు.

“మిషన్ మాత్రం ఇంటికి తెచ్చుకుంటాను.”

“తెచ్చుకోండి, హాల్లో పెట్టుకుందాం. నేను గోడ మీద నడుస్తాను,” అంది కోడలు. ఈసారి ముగ్గురికీ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

“ఆ ప్రశ్నల కాగితం ఉందిగా తల్లీ,” అంది మాత్రలమ్మ. “మొదట నాది రాసుకో.”

ఆమె అడుగుతూ పోయింది, ఆవిడ ఒక్కటీ దాచకుండా చెప్పింది. మందు మధ్యలో ఎందుకు ఆపారు అన్న ప్రశ్న వచ్చేసరికి కొడుకు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అతని వంతు వచ్చింది. అతను చెప్పేటప్పుడు ఆవిడ ఆ చేతిని వదల్లేదు.

“మామూలుగా పేర్లు బయటపెట్టం,” అంది పరిశోధకురాలు కాగితాలు సర్దుకుంటూ. “మీవి రహస్యంగానే ఉంటాయి.”

మాత్రలమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు తల్లి వైపు చూశాడు.

“వద్దండీ,” అన్నాడతను. “ఇద్దరం చెప్పిందీ పేర్లతో సహా పెద్ద అక్షరాలతో రాయించి కొట్టు గోడకి తగిలించండి. లోపలికి రావడానికి సిగ్గుపడేవాళ్లకి కనిపించేలా. మొదట అమ్మ పేరు, దాని కింద నాది.”