బోణీ కాని అంగడి

మా బాగేపల్లి పాతపేటలో దీపాలు పెట్టే పొద్దు దాటితే ఒక అంగడి ముందర ఎవరూ నడిచేవాళ్ళు కాదు. నడవక తప్పదంటే వీధికి ఆ పక్కకు దాటుకుని, తల వంచుకుని పోయేవాళ్ళు.

దాన్ని అక్కయమ్మ ఉప్పంగడి అంటారు. పలకల తలుపు, తుప్పు పట్టిన తాళం. చెరువులు నెర్రెలిచ్చిన ఎండాకాలంలో కూడా సాయంత్రమయ్యేసరికి ఆ అరుగు కింద నేల చెమ్మగిల్లేది. లోపల ఎవరో ఉప్పు కొలుస్తున్నట్టు, సేరు మీద అరచెయ్యి ఆడించిన చప్పుడు - స్... స్... ఆ వెంటనే, నడిచేవాళ్ళ వెనక నుంచి మెల్లగా ఒక ఆడగొంతు -

"బోణీ అయిందా?"

జవాబు చెప్పకూడదు. గాజులంగడి శ్రీనివాసప్ప ఒకసారి మరిచిపోయి "అయింది" అనేశాడు. ఆ పైన నెలంతా ఆయన గడప ఎవరూ తొక్కలేదు.

అక్కయమ్మ మాకు పరాయిది కాదు, మా అత్తకు సొంత చెల్లెలు. అందుకే ఈ సంగతి నా దగ్గర ఉండిపోయింది. చిన్న వయసులోనే మొగుడు పోతే ఆమె ఎవరి పంచనా చేరలేదు. ఆయన నడిపిన ఉప్పంగడిలో తానే కూర్చుంది. వీధిలో మగవాళ్ళకు అది కంట్లో నలుసయింది. పొద్దున్నే విధవ మొగం చూస్తే తమకు బోణీ కాదన్నారు. అంగడి తీయొద్దని మాత్రం ఎవరూ అనలేదు - అదే వాళ్ళ తెలివి. అందరికీ బోణీలు కానీమ్మా, ఆ పైన తీసుకో అన్నారు.

అందరికీ బోణీలు అయ్యేసరికి ఒక్కోనాడు దీపాలు పెట్టే వేళయ్యేది. దీపాలు పెట్టినాక ఉప్పు అడగరు, ఇయ్యరు. లక్ష్మి గడప దాటి పోతుందని మనకందరికీ భయమే కదా. మరి తలుపు తీసుకుని ఆమె ఎవరికి అమ్మాలి?

అయినా ఆమె కదల్లేదు. ఆ రోజుల్లో ఉప్పు మూటలు రాత్రిళ్ళు అరుగు మీదే ఉండేవి. ఉప్పు దొంగిలించేంత పాపానికి ఎవరూ ఒడిగట్టరని నమ్మకం. దొంగిలించలేదు కూడా... ఒక రాత్రి ఎవరో వాటి మీద నీళ్ళు పోసిపోయారు. తెల్లారి చూస్తే గోనెసంచులు చప్పిడిగా పడి ఉన్నాయి. ఉప్పంతా కరిగి కాలువలో కలిసింది.

ఎవరు పోశారో ఎవరూ నోరు విప్పలేదు. అక్కయమ్మ ఏడవలేదంట. నడివీధిలో నిలబడి ఒకే మాట అంది.

"నాకు బోణీ అయ్యేదంకా ఈ వీదికి బోణీ లేదు."

చాకవేలుకు, పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ నెల తిరక్కుండానే కన్ను మూసింది. నేను కాపురానికి వచ్చిన కొత్త అది.

ఆ మాటే తగిలిందో, హైవే వచ్చి బేరాలన్నీ అటు మళ్ళినాయో... ఆ గడిదం వెంకటరమణస్వామికే తెలియాలి. ఒక్కొక్క అంగడే మూతపడి, పాతపేట పళ్ళూడిన నోరు మాదిరి అయిపోయింది.

పోయినేడు వర్తకుల సంఘం వాళ్ళు వీధిని మళ్ళీ నిలబెట్టాలనుకున్నారు. సంఘానికి పెద్ద కృష్ణప్ప, అక్కయమ్మ అంగడికి ఎదురుగా బెల్లం మండీ ఆయనది. పనంతా నడిపింది ఆయన కొడుకు దేవరాజ్. మంచి పిల్లోడు. అందరినీ కూడగట్టి గోడలకు సున్నం కొట్టించినాడు, కాలువలు తోడించినాడు, దీపాల తోరణాలు కట్టించినాడు, కొత్తగా నీళ్ళ పైపు కూడా వేయించినాడు. శుక్రవారం నాడు వీధంతా ఒకేసారి తెరవాలని ముహూర్తం పెట్టుకున్నారు.

అన్నిటికీ మనుషులు దొరికారు, ఆ ఉప్పంగడికి తప్ప. అప్పుడు దేవరాజ్ మా చెల్లెలి కూతురు రూప దగ్గరికి వచ్చాడు.

రూపది గుడిబండె. మొగుణ్ణి లారీ మింగింది. అత్తవారు బిడ్డతో సహా బయటికి పంపితే, ఇంట్లోనే ఊరగాయలు, చెనిక్కాయల పొడులు చేసి అమ్ముకునేది. సొంతంగా ఒక అంగడి ఉంటే బిడ్డతో ఎవరి ముందరా తల వంచే పని ఉండదని దాని ఆశ. దేవరాజ్ దెయ్యం మాట ఎత్తి నసుగుతుంటే ఇదే నవ్విందంట.

"మా అత్తోళ్ళింట్లో కాపరం చేసొచ్చినదాన్నప్పా. దెయ్యం నన్నేం చేస్తాది?"

తలుపు తెరిచి, కడిగి, పసుపు రాసి, సరుకు సర్దుకుంది. మూల్లో ఆ పాత సేరు దొరికితే తోమి పెట్టుకుంది. ఊరగాయల కోసం తెచ్చిన కల్లుప్పు మూట పక్కనే దించింది.

ముందురోజు సాయంత్రం కృష్ణప్ప వచ్చాడు. అరుగు ఎక్కలేదు. కింద నిలబడే చాలా మెత్తగా చెప్పాడు.

"నువ్వు తీయొద్దని యెవురన్నారమ్మా? అందరికీ బోణీలు కానీ. ఆ పైన తీసుకో."

ఇంకో మాట కూడా చెప్పాడంట. మొదటిరోజు బోణీ కాని అంగడిని వేరేవాళ్ళ చేతికి మార్చడం వీధి ఆచారమని, మొబైల్ అంగడి మోహన్‌కుమార్ అడుగుతానే ఉన్నాడని.

అది నాకు ఫోన్ చేసి చెప్తే నా చేతిలో జపమాల ఆగిపోయింది. అక్షరం మారలేదు... అదే మాట.

శుక్రవారం వీధికి ప్రాణం వచ్చింది. మంగళవాద్యాలు, తోరణాలు, హైవే పక్కనుంచి కూడా జనం. రూప ఒక్క పలక మాత్రం తీసి, ఆ సందులోంచి చూస్తూ కూర్చుంది. ఒక్కో అంగడికీ బోణీ అయింది. శ్రీనివాసప్ప గాజులంగడికి మాత్రం కాలేదు. దేవరాజ్ వచ్చి తల దించుకుని, మా నాయన మాట అక్కా... ఇంకొంచెం సేపు, అని పోయాడు. మళ్ళీ రాలేదు.

శ్రీనివాసప్ప గాజులు అమ్ముడుపోయేసరికి వీధిలో దీపాలు వెలిగాయి.

అప్పుడు రూప పలకలన్నీ తీసింది. దీపం పెట్టింది. జనం వస్తున్నారు, పోతున్నారు... ఆ అంగడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లల చేతులు పట్టుకుని ఆ పక్కకు దాటుతున్నారు. ఎదురుగా కృష్ణప్ప మండీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. మోహన్‌కుమార్ రెండుసార్లు అటు తిరిగి, గోడ వెడల్పు కంటితో కొలుచుకుని పోయాడు.

జనం పలచబడ్డారు. తోరణాలు ఆర్పడం మొదలుపెట్టారు.

అరుగు కింద... ఎవరో నిలబడి ఉన్నారు.

ముసలామె. తల మీద కొంగు. దీపం వెలుగు ఆమె పాదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"కల్లుప్పు ఉండాదా తల్లీ?"

రూప చెయ్యి గాల్లోనే ఆగింది. దీపాలు పెట్టినాక ఉప్పు ఇయ్యకూడదు. ఇయ్యకపోతే బోణీ లేదు. బోణీ లేకపోతే తెల్లారి ఈ గడప తనది కాదు... ఏ ఆచారం తనకు ఏం పెట్టిందని? సేరు తీసుకుంది. ముంచి, ఆమె ఒడిలో పోయబోయింది. ఆమె చెయ్యి ముందుకు వచ్చింది. అలవాటైన చెయ్యి. సేరు మీద అరచేత్తో ఒక్కసారి తలకొట్టి సమం చేసింది -

స్...

ఆ కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాన లేదు.

"ఇంతసేపు యెందుకు మూసిపెట్టినావు?"

"అందరికీ బోణీ అయినాక తీయమన్నారమ్మా."

ముసలామె ఉప్పు ఒడిలో పోయించుకుందంట. ఎదురుగా మండీ వైపు తల తిప్పింది.

"ఇంకా అదే మాటనా..." అంది. తర్వాత రూప చేతిలో తడి నాణెం ఒకటి పెట్టింది. "సరుకు కింద పెట్టొద్దు తల్లీ. ఈ రేయికి పైకెత్తి పెట్టుకో."

రూప ఆ బోణీని కళ్ళకద్దుకుని స్వామి పటం ముందు పెట్టి వచ్చేసరికి అరుగు కింద ఎవరూ లేరు. నేల మాత్రం తడిసి ఉంది. ఎందుకో తెలీదంట, సరుకంతా అటకెక్కించి, ఉప్పు మూట భుజాన మోసి మరీ పైన పెట్టి, తాళం వేసుకుని పోయింది.

తెల్లారేసరికి పాతపేటలో మోకాళ్ళదాకా నీళ్ళు. కొత్త పైపు రాత్రి పగిలిందన్నారు. జాయింటు సరిగా వేయలేదని పని చేసినవాడూ ఒప్పుకున్నాడు. అందరి అంగళ్ళలోనూ నీళ్ళు దూరాయి. రూప సరుకు పైనుంది కాబట్టి దక్కింది, అంతే. అంతా పైపు తప్పే. నేనూ అదే అనుకుందును. ఆ మధ్యాహ్నం రూప స్వామి పటం ముందర తుడవబోతే, నాణెం పెట్టిన చోట తడిసిన ఉప్పు చిటికెడు ఉంది. వీధిలో నీళ్ళు తాకి నాలుకకు రాసుకున్నానమ్మా, నేనే. ఉప్పన.

కృష్ణప్ప మండీలో ఒక్క బెల్లం అచ్చు మిగల్లేదు. గోనెసంచులు చప్పిడిగా పడి ఉన్నాయి. ఆయన ఆ ఎర్రటి నీళ్ళలోనే నడిచి వచ్చి రూప అంగడి ముందర నిలబడ్డాడు. ఏదో అంటాడేమోనని రూప గట్టిగా నిలబడింది. ఆయన రూపను చూడటం లేదు. దాని భుజం మీదుగా, లోపల చీకట్లోకి చూస్తున్నాడు. చేతులు రెండూ జోడించాడు.

"నేను పోసింది రెండు బిందెలే గదమ్మా..." అన్నాడు. "రెండే బిందెలు..."

రూప వెనక్కి తిరగలేదు. వీపు వెనక, సేరు మీద అరచెయ్యి ఆడింది.

ఇప్పుడు పాతపేటలో రూప పలకలు తీసేదాకా ఏ షట్టరూ లేవదు. అట్లని ఎవరూ చెప్పలేదు. తెల్లారీ తెల్లారకుండానే వచ్చి అరుగు కింద నిలబడేది కృష్ణప్పే. రోజూ బోణీ ఆయనదే. ఉప్పే అడుగుతాడు. లోపలికి మాత్రం చూడడు.