తెరిస్తే గోడే

కడియం దాటాక నర్సరీల మధ్య ఓ ఇల్లుందండి. చీకటి పడితే ఆ సందులోకి ఎవ్వరూ వెళ్లరు. మొక్కలెక్కించుకున్న లారీవాళ్లు కూడా అక్కడ హారన్ కొట్టకుండా జారుకుంటారు. ఆ ఇంట్లో, గోడలోంచి ఎవరో తలుపు కొడతారని పేరు...

నేను రాజమండ్రిలో కర్టెన్లు కుట్టుకునే మనిషిని. నన్నడిగితే ఆ ఇంటికి దెయ్యం పట్టడం న్యాయమే. అంత ఇల్లు కట్టి, నిలువెత్తు అద్దాల కిటికీలు పెట్టి, ఒక్క కర్టెనైనా వేయించరా! ఆ ఇల్లు డిజైన్ చేసిన శ్రీదుర్గే మా షాపులో కూర్చుని ఇదంతా చెప్పింది.

ఇల్లు శశిభూషణ్ గారిది. కాలేజీ లెక్చరరు. ఆయనా, భార్య శ్రీసుధా ముచ్చటపడి కట్టించుకున్నారు. హాలూ వంటిల్లూ అంతా ఒకటే, మధ్యలో గోడల్లేవు. మనిషి కదిలితే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. తీరా సిద్ధాంతిగారొచ్చి తలుపులు లెక్కపెడితే బేసి సంఖ్య వచ్చింది. సరిసంఖ్య అయితేగానీ గృహప్రవేశానికి ముహూర్తం పెట్టనని భీష్మించుకున్నారాయన.

శ్రీదుర్గకి ఒళ్లు మండింది. ఏం చేస్తుంది మరి? హాల్లో తూర్పుగోడకి ఉత్తుత్తి తలుపొకటి బిగించేసింది. టేకు చెక్క, ఇత్తడి పిడి, గొళ్లెం, అన్నీ ఉన్నాయి. తెరిస్తే మాత్రం గోడే. సిద్ధాంతిగారు దాన్నీ లెక్కేసుకుని హాయిగా ముహూర్తం పెట్టేశారు.

ఆ తలుపే కొంప ముంచింది.

ఇంట్లో చేరిన మొదటి శుక్రవారం, దీపాలు పెట్టే వేళ — టక్... టక్... టక్...

శ్రీసుధ అలవాటుగా "ఎవరండీ?" అంటూ వెళ్లి గొళ్లెం తీసింది. ఎదురుగా గోడ. ఆ గోడలోంచి సన్నగా... "అమ్మా..."

మరుసటి శుక్రవారం మళ్లీ అదే చప్పుడు. శశిభూషణ్ గారు గుండె చిక్కబట్టుకుని తలుపు తీసి, గోడకి చెవి ఆనించారు.

"ఇంట్లోనే ఉన్నారుగా..." అంది గోడ.

అంతే! మొగుడూ పెళ్లాలు తాళం పెట్టి, తాళాలు శ్రీదుర్గ మొహాన కొట్టి, ఆయన తండ్రిగారింటికి చెక్కేశారు.

పదిరోజులు తిరిగేసరికి కబురు ఊరంతా పాకింది. శ్రీదుర్గ చేతికి అప్పుడే ఒక డాన్స్ స్కూలు పని రాబోతోంది. ఆ టీచరమ్మ ఫోన్ చేసి, "దెయ్యాల కొంప కట్టావటగా, మా పిల్లలు జడుసుకుంటారమ్మా" అనేసింది. కట్టిన మొదటి ఇల్లే అది. దానికి ఆ పేరు పడితే ఇంకెవరు పిలుస్తారండి ఆ పిల్లని? అందుకే పంతం పట్టింది. శుక్రవారం సాయంత్రం ఒక్కతే అక్కడ కూర్చుని, దెయ్యం లేదూ గియ్యం లేదని వీడియో తీసి అందరికీ పంపుతానని.

వెళ్లి కూర్చుంది. భయంతో బిగుసుకుపోయింది. మనిషి కదలకపోయేసరికి లైట్లారిపోయాయి. చెయ్యి ఊపితే వెలిగాయి... మళ్లీ బిగుసుకుంటే మళ్లీ ఆరిపోయాయి. తను పెట్టించిన లైట్లే, ఎవర్ని తిట్టుకుంటుంది!

టక్... టక్...

"ఎ... ఎవరు?"

"నేనేనమ్మా..." అంది గోడ.

శ్రీదుర్గ బయటికి ఒకటే పరుగు. కంగారులో గేటువైపు పోకుండా తూర్పుసందులోకి తిరిగింది. తిరిగి — కొయ్యబారిపోయింది.

తను ఖాళీగా వదిలిన బయటిగోడకి ఇంత పెద్ద సింహద్వారం! పసుపు రాసిన గడప, మామిడాకుల తోరణం. దాని ముందు కుంకుమభరిణెతో ఓ పెద్దావిడ.

ఇద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు.

ఆవిడ పక్క నర్సరీవాళ్ల చిన్నమ్మాయిగారు. పేరు చిన్నమ్మాయే గానీ అరవై దాటాయి. శుక్రవారం శుక్రవారం తాంబూలమివ్వడానికి వస్తోందిట. ఇవాళ బొట్టు పెట్టి పేరంటానికి పిలవడానికొచ్చింది.

శ్రీదుర్గ అక్కణ్ణుంచే శశిభూషణ్ గారి తండ్రి సూర్యప్రకాశం గారికి ఫోన్ చేసింది. ఆయన నీళ్లు నమిలారు. "తూర్పున సింహద్వారం లేకపోతే ఎలాగమ్మా? నువ్వు నొచ్చుకుంటావని, పని అయ్యాక గుట్టుగా బయటివైపు పెట్టించాను. తెరుచుకోదులే, పేరుకే. మావాడికీ తెలీదు. వాళ్లు దడుచుకుని వచ్చాక చెబితే తిడతారని నోరు మూసుకున్నాను."

లోపలో ఉత్తుత్తి తలుపు, బయటో ఉత్తుత్తి తలుపు, మధ్యలో గోడ! శ్రీదుర్గ గడప మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. బతికిపోయాననుకుంది. ఫోన్ తీసి, తలుపు చూపిస్తూ వీడియో మొదలెట్టింది.

"నవ్వుతావేంటమ్మా?" చిన్నమ్మాయిగారికి కోపమొచ్చింది. "లోపల్నుంచి పలుకుతారు, తలుపు తియ్యరు. మీ అందరికంటే పోయినవారం అమ్మాయే నయం."

"ఏ... అమ్మాయండీ?"

"ఈ తలుపు తీసిన అమ్మాయి. చక్కగా బొట్టు పెట్టించుకుని తాంబూలం పుచ్చుకుంది."

పోయినవారం ఇంటికి తాళం. తాళాలు శ్రీదుర్గ బ్యాగులోనే ఉన్నాయి. లేచి పిడి పట్టుకుని లాగింది... తలుపు కదల్లేదు. చుట్టూ మేకులు, వెనకాల గోడ.

మెల్లిగా వీడియో ఆపేసింది.

"పిన్నిగారూ..." గుసగుసగా అంది. "మీకు పుణ్యముంటుంది, ఈ మాట ఎవరితోనూ అనకండి. నా డాన్స్ స్కూలు పని పోతుంది."

"నాకెందుకమ్మా, అనను." చిన్నమ్మాయిగారు శ్రీదుర్గకి బొట్టు పెట్టి, భరిణె మూత బిగించింది. "వచ్చేటప్పుడు ఆ పిల్లని కూడా తీసుకురా. పేరంటానికి తప్పకుండా వస్తానని మాటిచ్చింది."