పదిహేడో వాక్యం

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. పళ్ళు తోముకుంటున్న కూతురు నురగ నోటితోనే ఎత్తింది.

"పదకొండింటికి కమిటీ కూర్చుంటోంది," అంది పీహెచ్‌డీ గైడ్ మేడమ్. "పదిహేడో వాక్యం ఎందుకు ఎదురు తిరిగిందో అప్పటికల్లా చెప్పు. లేదంటే నీ ప్రశ్నావళిని నేను కూడా కాపాడలేను."

ఆ ప్రశ్నావళి కూతురి మూడేళ్ళ కష్టం. యూనివర్సిటీ విద్యార్థులు చదువులో ఎంతగా లీనమైపోతారో, అలా లీనమైన మనసును తామే ఎంతవరకు గమనించుకోగలరో కొలిచే ముప్పై వాక్యాలు. నాలుగు వందల మంది నింపి ఇచ్చారు. ఇరవై తొమ్మిది వాక్యాలు బుద్ధిగా తమ తమ చోట్ల నిలబడ్డాయి. పదిహేడోది అడ్డం తిరిగింది. మిగతా వాటికి 'పూర్తిగా నిజం' అని గుర్తు పెట్టిన పుస్తకాల పురుగులే దీనికి మాత్రం 'అస్సలు కాదు' అన్నారు.

'పని మొదలుపెడితే నాకు ఒళ్ళు తెలియదు.'

అంతే. ఇందులో తప్పేముంది? కొట్టేద్దామంటే, తనను తాను మరిచిపోవడాన్ని కొలిచేవి మొత్తం మూడే వాక్యాలు. ముక్కాలిపీటకు ఒక కాలు విరగ్గొట్టినట్టే.

"ఏమంటోంది మీ మేడమ్?" ముందు గదిలోంచి, కుట్టుమిషన్ ఆపకుండానే అడిగింది తల్లి.

"ఏం లేదు."

"ఏం లేకపోతే మొహం అలా మాడిపోయిందేం? ఈసారీ గట్టెక్కకపోతే బడిలో టీచరుగా చేరతానని నువ్వే మాటిచ్చావు. వాళ్ళు ఇవాళే చెప్పమన్నారు."

"నా మీద ఎంత నమ్మకమో!"

"నమ్మకం ఉండబట్టే మూడేళ్ళు నోరు మూసుకున్నాను. తిండి లేదు, నిద్ర లేదు. ముప్పై ముక్కలు రాయడానికి మూడేళ్ళా? నేనైతే ఈపాటికి ఊరందరికీ చొక్కాలు కుట్టేసేదాన్ని."

"నీకు కుట్టడం తప్ప ఏం తెలుసులే!"

మాట జారిపోయింది. తల్లి పళ్ళతో దారం తెంపి, తల వంచుకుని మిషన్ వేగం పెంచింది.

పదీ ఇరవై. కంప్యూటర్ తెర మీద అంకెలు అటు తిప్పినా ఇటు తిప్పినా అదే జవాబు. విద్యార్థులు చేత్తో నింపిన కాగితాలైనా మళ్ళీ చూద్దామంటే, కట్ట కనబడదు.

"అమ్మా, నా కాగితాల కట్ట ఎక్కడ పెట్టావు?"

జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఇంకోసారి అరిచింది. కాలరు అంచు మీద సూది పరుగెడుతోంది, తల్లి చూపు దాని వెంటే పరుగెడుతోంది. కూతురు విసురుగా వచ్చి మిషన్ చక్రాన్ని పట్టి ఆపింది. దారం ఫట్‌మని తెగింది.

"మూడుసార్లు పిలిచాను! ఒళ్ళు తెలియడం లేదా నీకు?"

తల్లి లేచి నిలబడింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు! ఒళ్ళు తెలియకపోవడానికి నేనేమైనా తాగి పడున్నానా? జ్వరమొచ్చి మూలుగుతున్నానా? పనిలో పడి ఒళ్ళు మరిచిపోయాను. అదీ తప్పేనా?"

ఎదురు చెప్పబోయిన కూతురు నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏమన్నావు? మళ్ళీ అను."

"అంటాను, నాకేం భయమా? తాగి పడున్నానా అని..."

"అది కాదమ్మా, చివర్న!"

"ఒళ్ళు మరిచిపోయానన్నాను."

కూతురు గడియారం చూసింది. పదీ ముప్పై అయిదు. ఫారం నింపినవాళ్ళలో తనకు తెలిసిన ముగ్గురికి వరసగా ఫోన్ చేసింది. పదిహేడో వాక్యం చదివి వినిపించి, ఏమర్థమైందని అడిగింది.

"తాగుడు గురించి కదా అక్కా? నాకా అలవాటు లేదు," అన్నాడు మొదటివాడు.

"నీరసంతో సొమ్మసిల్లడం అనుకున్నాను," అంది రెండో అమ్మాయి.

మూడోవాడు నవ్వాడు. "మా నాన్న రోజూ నన్ను తిట్టే తిట్టు అది. నిజమని ఎవడొప్పుకుంటాడు?"

కూతురు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. గుడ్డముక్కలు చెల్లాచెదురయ్యాయి.

"దీనికే ఒళ్ళు తెలియడం లేదు," అని గొణిగింది తల్లి.

పదీ యాభైకి ఫోన్‌లో విషయమంతా వింది మేడమ్. "అంటే నువ్వూ నేనూ కలిసి నాలుగు వందల మందిని 'మీరు తాగుబోతులా' అని అడిగామా!" అని పకపకా నవ్వింది. "మాట మార్చి కొత్తవాళ్ళతో మళ్ళీ నింపించాలి. గడువు అడిగి చూస్తాను."

ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. తల్లి తెగిన దారం ఎక్కించబోతే సూది కన్ను దొరకలేదు. కూతురు అందుకుని ఎక్కించింది.

ఫోన్ మోగింది.

"రెండు నెలలు ఇచ్చారు! ఇంకొకటి. వాక్యాలు సరిచూసిన నిపుణుల జాబితాలో ఒకరిని చేర్చాలి. ఆ తేడా పట్టుకున్నదెవరు? ఏం చేస్తుంటారు?"

కూతురు తల్లి వైపు చూసింది. లీనమైపోవడమంటే ఏమిటని తను నాలుగు వందల మందిని అడిగింది. ముందు గదిలో కూర్చున్న ఈ మనిషిని ఒక్కసారైనా అడగలేదు.

"దర్జీ మేడమ్," అంది. "ఇరవై రెండేళ్ళ అనుభవం. మా అమ్మ."

ఫోన్ పెట్టేసి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. "కుట్టడం తప్ప ఏం తెలుసన్నాను. తప్పయిపోయిందమ్మా."

"లే, గుండుసూదులున్నాయి, గుచ్చుకుంటాయి," అంటూనే తల్లి ఆ జుట్టు నిమిరింది. కళ్ళు తుడుచుకుని, కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుని, బడి నంబరు నొక్కింది.

"మా అమ్మాయి రాదండీ," అంది గట్టిగా. "పనిలో ఉంది."