పన్నెండో కాలు

ఆ గోదాము పేరెత్తితే ఆఫీసులో అందరికీ హడలే. చీకటి పడ్డాక అటు వెళ్లేవాళ్లే లేరు. లోపల కాళ్లు వాటంతటవే నడుస్తాయని పుకారు.

పుకారుకి తగ్గ సరుకే ఉందక్కడ. కాలు పోయినవాళ్లకి ఉచితంగా పెట్టుడు కాళ్లు ఇచ్చే సేవాసంస్థ అది. మా బాబాయి అందులో అకౌంటెంటు. ఇది ఆయన నోట విన్నదే.

ఏడాది చివరి ఆడిట్. తెల్లారితే ఆడిటర్ వస్తాడు. రసీదులు, బ్యాంకు కాగితాలు, దాతల జాబితా — అన్నీ సర్దేశాడు బాబాయి. మిగిలింది సరుకు లెక్క ఒక్కటే. ఆడిటర్ కన్నా దెయ్యమే నయమనిపించి, రాత్రి పదింటికి టార్చి పట్టుకుని గోదాములోకి వెళ్లాడు.

రిజిస్టరు ప్రకారం పదకొండు కాళ్లు ఉండాలి.

లెక్కపెట్టాడు. పన్నెండు.

మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండే!

తక్కువైతే దొంగతనం అంటారు. ఎక్కువైతే... ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాశారంటారు. తప్పెక్కడుందో చూద్దామని ఆఫీసు గదిలోకి పోయి పాత రిజిస్టరు తిరగేస్తున్నాడు. అప్పుడు వినపడింది.

టక్... సర్ర్... టక్... సర్ర్...

అడుగులో అడుగేసుకుంటూ గోదాములోకి వచ్చి అలమర మీద టార్చి వేశాడు.

పదకొండు!

చప్పుడు ఇప్పుడు వెనక వరండాలో... దగ్గరికొస్తోంది...

"ఎ... ఎవరూ?"

ఆగిపోయింది.

"నేనే బాబూ..." అంది చీకటిలోంచి ఓ సన్నని గొంతు.

గోడ పట్టుకుని నిలబడ్డాడొక మనిషి. బాబాయి ఎరిగిన మొహమే — వీధి చివర సెలూన్ ఆయన. ఎనిమిది నెలల కిందట దాతల ముందు ఆయనకి కాలు తొడిగి ఫోటో తీశారు. పట్టీ వదులుగా ఉంది, సరిచేసి ఇస్తామని విప్పి తీసుకున్నారు. రిజిస్టర్లో మాత్రం 'ఇచ్చాము' అని బాబాయి చేత్తోనే పడింది. తర్వాత ఆయన ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ బాబాయే, తలెత్తి చూడకుండా, "రేపు రా" అన్నాడు.

"వాచ్‌మన్‌ని ఏమీ అనకండి. మీరున్నారని తెలీక లోపలికి పంపాడు. నేనే కాళ్లావేళ్లా పడ్డాను... పట్టీ నా బెల్టు కోసి బిగించుకున్నా. వారానికోసారి ఓ గంట నడిచి, ఎక్కడిదక్కడ పెట్టేస్తున్నాను బాబూ. నిలబడ్డం అలవాటు తప్పితే, ఒంటికాలి మీద ఎంతసేపని గడ్డాలు గీస్తాను?"

అంటూనే విప్పడానికి వంగాడు. బాబాయి గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండీ... వేసుకునే వెళ్లండి."

ఆయన నమ్మలేనట్టు చూశాడు.

"మళ్లీ ఎప్పుడు తెచ్చివ్వమంటారు?" అని అడిగాడు.

దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేదో అనిపించిందట బాబాయికి.

"తేనక్కర్లేదు. అది మీదే... ఎనిమిది నెలలుగా మీదే."

టక్... సర్ర్... గేటు దాటేదాకా వింటూ నిలబడ్డాడు.

పొద్దున ఆడిటర్ వచ్చి తనే స్వయంగా లెక్కపెట్టాడు. పదకొండు. వెంట్రుకవాసి తేడా లేదు. "మీలాంటి నిక్కచ్చి మనుషులు ఎక్కడో గానీ ఉండరండీ" అని అందరి ముందూ చెయ్యి కలిపాడు.

ఈ ముక్క చెప్పేటప్పుడు బాబాయి నా మొహంలోకి చూడలేదు.

"నిజం చెబుదామనే నోరు తెరిచాన్రా..." అన్నాడు. "థాంక్సండీ అని వచ్చింది."